తాగిన నీళ్లకే నీలం

మొన్న కాళహస్తి నుంచి తిరుపతికి వస్తుంటే ఏర్పేడు దాటాక బస్సు టైరు పంక్చరైంది. అందరితో పాటు నేనూ దిగాను. రోడ్డుకు కాస్త ఎడంగా చేలగట్టు మీద ఒక పెద్ద గొడుగు కనిపించింది. గొడుగు పట్టుకుని ఒకడు నిలబడ్డాడు. దాని కింద ముక్కాలి బల్ల, దాని మీద పరిచిన కాగితం మీదికి వంగి ఒక కన్ను మూసుకుని చూస్తున్న కుర్రవాడు. కొత్త రోడ్డుకో కాలవకో సర్వే చేస్తున్నట్టున్నారు. ఎండ దంచేస్తోంది గనుక కుర్రవాడు తన తల కూడా గొడుగు కిందే పెట్టుకున్నాడు. నాకు ఒళ్లు మండింది. గొడుగు కాగితానికి నాయనా, నీకు కాదు, అని అరవబోయి ఆగిపోయాను. ఆ మాట నాది కాదు. ఆ మాట అనే మనిషి పోయి చాలా ఏళ్లయింది.

ఆయన పేరు రాయను. ఆయన తాలూకు వాళ్లు ఎక్కడైనా ఉంటే, ఈ సంగతి నా నోట వినాల్సిన అవసరం వాళ్లకు లేదు.

అవి యుద్ధం రోజులు. జపాను వాడు సముద్రం మీదుగా వచ్చేస్తున్నాడని మద్రాసు జనం మూటాముల్లే కట్టుకుని మా వైపు రైళ్లలో వచ్చి పడిన ఏడాది. మిలిటరీకి ఉన్నట్టుండి మా కొండల మీద ప్రేమ పుట్టుకొచ్చింది. ఏ వాగు, ఏ వంక ఎక్కడ పుడుతుంది, ఏ కోనలో బండి దిగుతుంది, ఏ గుట్ట వెనక నీళ్లు దొరుకుతాయి, అన్నీ కొత్తగా గీసి పంపమని ఉత్తర్వు. చంద్రగిరికి పడమట డేరాలు వేసుకుని మా సర్వే పార్టీ దిగింది. కొండలెక్కి పెన్సిలుతో గీసుకొచ్చే సర్వేయరు ఆయన. డేరాలో కూర్చుని ఆ పెన్సిలు గీతల మీద రంగు సిరాలు వేసే డ్రాఫ్ట్స్‌మన్ను నేను. ఇళ్లకు ఎరుపు, కొండ ఎత్తులకు గోధుమరంగు, ఎండిన వంకలకు నలుపు, నీళ్లకు నీలం. మా సీమలో నల్లసిరా నెలకో సీసా అయిపోయేది. నీలం సీసా మాత్రం అడుగున అట్ట కట్టి ఉండేది. దాన్ని చూసినప్పుడల్లా ఆయన, "ఆ సీసా కూడా మన వంకల మాదిరే ఉండాదప్పా," అనేవాడు. అని తను మాత్రం నవ్వేవాడు కాదు.

నవ్వడం ఆయనకు చేతనయ్యేది కాదు. పొడుగాటి మనిషి, ఎండకు కమిలిన ముఖం, బుగ్గన ఎప్పుడూ ఒక ఎండు ఉసిరికాయ. దాహం వేయకుండా ఉండటానికట. మాట్లాడాల్సి వస్తే దాన్ని ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకు తోసేవాడు. మనం అడిగినదానికి జవాబు వచ్చేలోగా ఆ ఉసిరికాయ ప్రయాణం పూర్తి కావాలి. నాకు అసలే తొందర మనిషినని పేరు. మొదటి నెలంతా ఆయన మీద పళ్లు నూరుకుంటూనే గడిపాను.

ఎడమ కన్ను మూయడం ఇంకో అలవాటు. బల్ల మీద చూపుబద్ద పెట్టి దూరపు గుట్టను గురి చూసేవాళ్లకు అది మామూలే. ఈయన అన్నింటికీ మూసేవాడు. సంగటి ముద్ద తుంచేముందు, సంతలో వంకాయలు ఏరేముందు, ఎవరైనా కొత్త మనిషి వచ్చి నమస్కారం పెడితే ఆ నమస్కారం అందుకునేముందు. చిత్తూరు నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి తనను ఎగతాళి చేస్తున్నాడనుకుని కోపగించుకుని వెళ్లిపోయాడు కూడా.

దేన్ని గురించి అడిగినా ఆయన దగ్గర ఒకటే మాట. "రెండు తావుల నుంచి సూసినాక చెప్తా." అది మా పని సూత్రం. ఒక చోట నిలబడి గుట్టను చూసి గీత గీస్తే, ఆ గుట్ట ఆ గీత మీద ఎక్కడో ఉందని మాత్రమే తెలుస్తుంది. ఇంకో చోటికి పోయి అక్కణ్ణుంచి కూడా గీస్తే, రెండు గీతలు కలిసిన చోట గుట్ట నిలుస్తుంది. ఆయన బతుకంతా ఆ సూత్రం మీదే నడిపాడు. పుత్తూరులో నాకు ఒక సంబంధం కుదిరేటట్టుంటే, పెద్దవాడు కదా అని ఆయన చెవిన వేశాను. పిల్లను వాళ్ల ఇంట్లో కూర్చుని చూశావు సరే, వాళ్ల పక్కింటి అరుగు మీద కూర్చుని చూశావా అని అడిగాడు. నేను లేదన్నాను. అయితే ఇంకా చూడలేదన్నమాట, అని తన పెన్సిలు చెక్కుకోవడంలో మునిగిపోయాడు. ఆ పెన్సిలును ఇంకొకరు ముట్టుకోవడానికి వీల్లేదు. మొన సూదిలా ఉండేది.

ఊళ్ల పేర్లు రాసుకోవడంలోనూ ఇదే తంతు. ఒక్కడు చెబితే పేరు కాదు. గడ్డిమోపుతో పోయే ఆడమనిషిని అడగాలి, రచ్చ మీద కూర్చున్న ముసలాయన్ను అడగాలి, గోళీలాడే పిల్లల్ని అడగాలి. ఒక కొండకు ఈ పక్క వాళ్లు ఒక పేరు, ఆ పక్క వాళ్లు ఇంకో పేరు చెబితే రెండూ రాసుకొచ్చేవాడు. గోరంత కొండ మీద అన్ని అక్షరాలు ఇరికించలేక నేను తల పట్టుకునేవాణ్ణి.

అన్నింటికన్నా విచిత్రం నీళ్ల సంగతి. నీలం వేయాలంటే ఆయన ఆ నీళ్లు తాగాలి. బావి అయినా, ఊట అయినా, వంకలో చెలమ అయినా, దోసిట పట్టి తాగితేనే నక్షా షీటు మీద నీలం గుర్తు. అదీ ఎండల్లో పోయి తాగాలి. వానాకాలం ఎవడైనా వేస్తాడు నీలం, అనేవాడు. చైత్రమాసంలో మోకాళ్ల మీద కూర్చుని వంక ఇసుకను చేతులతో తోడేవాడు. చెమ్మ తగిలి, బురద వచ్చి, ఆ బురద తేరి నీళ్లయ్యేదాకా కూర్చునేవాడు. గొడుగు పట్టుకునే కలాసీ మునసామి కూర్చుని కూర్చుని కునుకు తీసేవాడు. ఆ నీళ్లు తాగి ఆయనకు ఎన్నిసార్లు కడుపు చెడిందో లెక్కలేదు. ఎందుకు సార్ ఈ అవస్థ, పల్లెవాళ్లు ఉన్నాయని చెబుతున్నారు కదా అంటే, ఉసిరికాయ బుగ్గ మార్చాడు. "నా గీత నమ్ముకోని ఎవుడో ఎండలో వస్తాడప్పా. వాడు నన్ను యాడని వెతుక్కుంటాడు?"

ఆ కోనకు నేను కూడా వెళ్లడం యాదృచ్ఛికం. డేరాలో కూర్చుని నడుం పట్టేసిందంటే, రా, కొండ గాలి తగులుతుంది అని తీసుకెళ్లాడు. గాలి తగలలేదు సరికదా, రాళ్ల సెగకు చెప్పులు కాలాయి. రెండు పక్కలా నిట్టనిలువు ఎర్రబండలు, మధ్యలో ఎండిన వంక. పైనుంచి చూస్తే అక్కడ ఏమీ ఉండదనే అనిపిస్తుంది. వంక మలుపు తిరిగేసరికి మేకల వాసన, తర్వాత బోదగడ్డి కప్పిన గుడిసెలు, వాటి వెనక బండ కింద ఒక ఊట.

ఉన్నవి కొద్ది ఇళ్లే. మేకలు కాసుకుని, వెదురు కొట్టి చంద్రగిరిలో అమ్ముకుని బతికేవాళ్లు. మమ్మల్ని చూడగానే ఆడవాళ్లు పిల్లల్ని లోపలికి లాక్కున్నారు. ఒక అవ్వ మాత్రం ముందుకు వచ్చింది. ఆ ఇళ్లన్నింటికీ ఆవిడే పెద్ద అని ఆవిడ నిలబడిన తీరే చెప్పింది. ఆయన తన పద్ధతిలో ఊట దగ్గర మోకాళ్ల మీద కూర్చుని నీళ్లు తాగాడు. చల్లటి నీళ్లు. రెండోసారి కూడా దోసిలి పట్టడం చూశాను, ఆయన అలా చేయడం నేనెప్పుడూ చూడలేదు. అవ్వ కోడలు చెంగమ్మ అంబలి తెచ్చి పెట్టింది. ఆయన మునసామి చేత బల్ల దింపించి, గొడుగు పట్టించి, కాగితం మీద ఇళ్లకు చుక్కలు పెట్టడం మొదలుపెట్టాడు. అప్పుడు అవ్వ వచ్చి ఆ గొడుగు నీడలో కూర్చుంది. గొడుగు కాగితానికి అనే మనిషి ఆవిణ్ణి ఏమీ అనలేదు.

"సామీ, మా నీళ్లు తాగినావు, మా అంబలి తాగినావు. ఒగ మాట అడగతా. మమ్మల్ని ఆ కాగితంలో ఎక్కించొద్దు."

ఎందుకని అడిగాడు.

"ముందర మేము కింద మైదానంలో ఉండినాము. ఎవురో నేల కొలిచే గొలుసులేసుకోని వచ్చి మా ఇండ్లు రాసుకోని పోయినారు. ఏడాది తిరక్కముందే అడివి హద్దని రాళ్లు నాటినారు. మేక రాయి దాటితే జరిమానా, మనిసి దాటితే దెబ్బలు. ఈడికొచ్చి దాక్కున్నాము. ఇంగ పోయేదానికి తావు లేదు సామీ."

ఆయన ఆవిణ్ణి రెండు కళ్లతోనూ చూశాడు. తర్వాత జేబులోంచి రబ్బరు తీసి ఆ చుక్కలు తుడిచేశాడు. కాగితం మీద మరక కూడా మిగలకుండా నెమ్మదిగా, ఊది ఊది తుడిచాడు. ఎవరికీ చెప్పనని అవ్వకు మాటిచ్చాడు. పోతూ పోతూ ఆ ఊరి పేరు అడగలేదు. ముగ్గుర్ని అడిగే మనిషి ఒక్కరినీ అడగలేదు. ఆ ఊరి పేరు నాకు ఇప్పటికీ తెలియదు.

దారిలో నేనుండబట్టలేక, నీళ్లు తాగారు కదా సార్, నీలం వేయరా అన్నాను. నీలం వేస్తే ఇంకెవడైనా ఆ నీళ్లు వెతుక్కుంటూ వచ్చేస్తాడు అని మాత్రం అన్నాడు. ఆ సాయంత్రం ఆయన మీద నాకు ఎంత గౌరవం కలిగిందో చెప్పలేను. సర్కారు జీతం తింటూ సర్కారు కాగితం మీద ఇంత దయ చూపించే మనిషి ఉంటాడని నేను అనుకోలేదు. ఆ షీటు నా చేతికి వచ్చినప్పుడు ఆ కోన పొడుగునా నల్లగీత ఒక్కటే గీశాను. ఎండిన వంక. మనిషి లేడు, నీళ్లు లేవు. షీటు అచ్చయి మిలిటరీ వాళ్ల చేతుల్లోకి పోయింది.

మరుసటి ఎండాకాలం మేం వాయల్పాడు వైపు పనిలో ఉన్నాం. రేణిగుంటలో ఫిరంగులు దిగాయని, కొండల్లో గురి నేర్చుకుంటారని కబురు తెలిసింది. దానికి ఒక పద్ధతి ఉంది. షీటు చూసి మనుషుల్లేని కోన ఒకటి ఎంచుకుంటారు. దాని చుట్టుపక్కల షీటులో ఉన్న పల్లెలన్నింటికీ దండోరా వేయిస్తారు, ఫలానా రోజుల్లో ఇళ్లూ గొడ్లూ ఖాళీ చేసి పొమ్మని. పద్ధతి ప్రకారమే చేశారు. షీటులో ఉన్న ప్రతి పల్లెలోనూ తప్పెట మోగింది. తప్పు పట్టడానికి ఏమీ లేదు.

ఏ కోన ఎంచుకున్నారో మాకు చెప్పింది మునసామి. సొంతూరికి పోయి వచ్చిన రోజు బల్ల దగ్గరికి వచ్చి గొడుగు పట్టుకోకుండా నిలబడ్డాడు. ఎండ కాగితం మీద పడుతోంది. ఆయన తలెత్తి చూశాడు. మునసామి చెప్పడం పూర్తయ్యాక, చేతిలో ఉన్న పెన్సిలును బల్ల మీద పెట్టాడు. అది దొర్లి కింద రాళ్ల మీద పడి మొన విరిగింది. ఆయన వంగి తీసుకోలేదు.

ఆయనా నేనూ ఆ కోనకు వెళ్లాం. ఊట పక్క బండ చీలి పడి ఉంది. గుడిసెలు ఉన్నచోట బూడిద. మొదటి చప్పుడు వినగానే ఉరుములనుకున్నారట. వడగళ్లు పడేటప్పుడు చేసినట్టే పిల్లల్ని, పెద్దల్ని ఊట దగ్గరి బండ కిందికి చేర్చింది అవ్వ. ఆ బండ మీదే పడింది. మేకల్ని తోలుకురావడానికి వంక మలుపుదాకా పోయిన చెంగమ్మ, వెదురు మోపులు తీసుకుని చంద్రగిరి పోయిన ఇద్దరు మగవాళ్లు మిగిలారు. మగవాళ్లు ఎటో వెళ్లిపోయారు. చెంగమ్మ మాత్రం అక్కడే ఉంది. చచ్చిన మేకల కంపు ఇంకా పోలేదు.

ఆమె మమ్మల్ని గుర్తుపట్టింది. ఏడవలేదు. ఊటలో ముంత ముంచి ఆయనకు ఇవ్వడానికి తీసుకువస్తూ అంది.

"అత్త చెప్పేది సామీ, నువ్వు మాట తప్పే మనిసివి కాదని. నువ్వు ఎవురికీ చెప్పలేదు, నాకు తెలుసు. మరి మేమీడ ఉండేది వాళ్లకెట్ల తెలిసినాదో."

నేను ఆయన చెయ్యి పట్టుకుని వెనక్కి లాగాను. ఆమె అనుకున్నది అలాగే ఉండనివ్వమని, మాట్లాడవద్దని. ఆ క్షణంలో నాకు అదే దయ అనిపించింది. ఆయన నా చెయ్యి విడిపించుకున్నాడు. ఉసిరికాయ లేని నోరు ఎంత తొందరగా మాట్లాడగలదో అప్పుడే చూశాను.

"తెలీకనే కొట్టినారమ్మా. నేను రాసుంటే తెలిసేది. తెలిసుంటే దండోరా వేసుంటారు, మిమ్మల్ని పంపించుంటారు. నేను రాయలేదు."

ఆమెకు వెంటనే అర్థం కాలేదు. ఆయన ముఖం కేసి చూస్తూ నిలబడింది. ఆయన అప్పటికే దోసిలి పట్టి ఉన్నాడు. అర్థమయ్యాక ఆమె వెనక్కి తిరిగి, ముంతలో నీళ్లు మళ్లీ ఊటలోనే పోసేసింది. ముంత బండ మీద బోర్లించి, బూడిదలో నడుచుకుంటూ అవతలికి వెళ్లిపోయింది. ఆయన ఆ ఖాళీ దోసిలి అలాగే పట్టుకుని ఉండటం చూడలేక నేను ముఖం తిప్పుకున్నాను.

విచారణ జరిగింది. వచ్చిన పై అధికారి చెడ్డవాడు కాదు. కోన లోతుగా ఉంది, పైనుంచి కనబడదు, కాబట్టి గుడిసెలు నీ దృష్టికి రాలేదు, అంతే కదా, అని ఆయన నోట్లో మాట పెట్టబోయాడు. ఔనంటే చాలు, ఉద్యోగానికి ఢోకా లేదు. చూశాను, తాగాను, వేయలేదు, అన్నాడు ఆయన. మూడు మాటలు. ఎందుకు వేయలేదని అడిగితే అవ్వ పేరు ఎత్తలేదు. ఆవిడ అడిగిందని చెబితే తప్పు ఆవిడ మీదికి పోతుందని ఆయన భయం. ఒక చోట నుంచే చూసినాను, అన్నాడు. అధికారికి అది అర్థం కాలేదు. నాకు అర్థమైంది. అవ్వ కూర్చున్న చోటి నుంచి చూశాడు. ఎక్కడో డేరాలో ఆ షీటు పరుచుకుని, ఖాళీ కోన కోసం వేలు పెట్టి వెతికేవాడి వైపు నుంచి చూడలేదు.

కొండలు ఆయనకు బందయ్యాయి. పట్నంలో మా నక్షాల ఆఫీసులో, నా పక్క బల్ల మీద పాత షీట్లు నకలు తీసే పని ఇచ్చారు. జీతం తగ్గింది. ఆయన దాన్ని పట్టించుకున్నట్టు లేదు. ఉసిరికాయ మానేశాడు. కన్ను మూయడం మానేశాడు. రెండు తావుల మాట ఆయన నోట మళ్లీ వినలేదు. ఎవరేం అడిగినా, నాకు తెలీదప్పా అనేవాడు. అలాంటి మనిషి పక్కన కూర్చుని పనిచేయడం నరకం. నేను ఆయన మీద జాలిపడ్డాను, విసుక్కున్నాను, ఒక్కోసారి ఆ అవ్వ మీద కూడా కోపం తెచ్చుకున్నాను. కోపానికి ఎవరో ఒకరు కావాలి కదా.

యుద్ధం అయిపోయింది. మిలిటరీ ఆ కొండలను వదిలేసింది. ఆ షీటును సరిచేసి మళ్లీ అచ్చు వేస్తారట, రంగులు వేయడానికి అది నా బల్ల మీదికి వచ్చింది. కొండల గోధుమరంగు గీతలు, వాటి నడుమ నేను అప్పుడు గీసిన నల్లగీత. నేను చూడకుండా దాచేద్దామనుకున్నాను గానీ ఆయన అప్పటికే లేచి నా వెనక నిలబడ్డాడు. కలం ఇమ్మని చెయ్యి చాచాడు. నకలు తీసేవాడు అసలు షీటు మీద చెయ్యి వేయకూడదు. ఇచ్చాను.

ఎర్రసిరా జోలికి పోలేదు. నీలం సీసా మూత తీశాడు. అట్ట కట్టిన సిరాలో రెండు బొట్ల నీళ్లు పోసి, పుల్లతో కలిపి, కలం ముంచాడు. నల్లగీత మలుపు దగ్గర, బండ ఉండే చోట, ఒక చిన్న సున్నా చుట్టాడు. పేరు రాయలేదు.

నేను లోగొంతుతో అన్నాను, ఊరు లేదు కదా సార్, చెంగమ్మ కూడా ఎక్కడికో పోయిందట, ఇంకెవరున్నారు, ఎవరి కోసం ఈ నీలం అని.

ఆయన ఎడమ కన్ను మూశాడు. ఎన్నాళ్లకో. ఆ సున్నా సరిగ్గా దాని చోట ఉందో లేదో చూసుకుని కలం నా చేతికి ఇచ్చేశాడు.

"తాగినాను గదప్పా," అన్నాడు.